మూడు రివిట్ల కోసం సిరిసిల్ల దాకా

జగిత్యాల వైపు వెళ్ళేవాళ్ళు కొండగట్టు అంజన్న కోసమో, ధర్మపురి గోదావరి స్నానానికో వెళ్తారు. నేను ఒక పాత స్పీకరు వెనకవైపు చూడటానికి వెళ్ళాను. అది కూడా బస్సులన్నీ డిపోల్లో పడుకుని, ఊరూరా టెంట్లు వెలిసిన తెలంగాణ ఉద్యమం రోజుల్లో. తిరిగొచ్చాక అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఏం పని మీద? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను.

ఎందుకు వెళ్ళానంటే

హైదరాబాదులో పాత స్పోర్ట్స్ కార్లను ప్రాణంగా చూసుకునే పెద్దమనుషులు కొందరున్నారు. రెండే సీట్లు, నేలకు ఆనుకుని ఉండే ఒళ్ళు, ఎప్పుడో ఓడల మీద దిగుమతైన బళ్ళు. వాటిలో ప్రతి వస్తువూ కారుతోపాటు పుట్టిందే అయి ఉండాలని వాళ్ళ పట్టుదల. నా పని రేడియో. ముప్పై ఏళ్ళుగా కారు రేడియోల కొట్టు నడుపుతున్నాను. ఫలానా కారులో ఉన్న స్పీకరు కంపెనీవాడు బిగించిందా, తర్వాత ఎవరో తెచ్చి తగిలించిందా అని తేల్చి చెప్పడానికి నన్ను పిలుస్తారు.

అందులో పెద్ద మంత్రమేమీ లేదు. స్పీకరు చట్రం మీద గుద్దిన అంకెలు చూస్తాను. లోపలి కాగితం రంగు చూస్తాను. స్పీకరు తీసిన చోట రేకు మీద తుప్పు ఏ ఆకారంలో ఉందో చూస్తాను. తీగ కోసి అతికించినట్టు కనబడితే, అది ఎంత మంచి స్పీకరైనా సరే, ఒరిజినల్ అనను. ఈ పట్టింపు వల్ల కొందరికి నేనంటే కోపం కూడా.

కృష్ణప్రసాద్ గారి ఎర్ర కారు స్పీకరు చూసి ఒరిజినల్ అని చెప్పాను. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ కాంట్రాక్టులు చేసి స్థిరపడిన మనిషి. నా మాట పట్టుకుని ఊరంతా చెప్పుకున్నారు. అంతలో ఇంకో కార్ల ఆసామి వచ్చి, టార్చిలైటు వేసి, వెనక వంగి చూసి, "ఆ ఏడాది స్పీకర్లకి అయస్కాంతాన్ని నాలుగు రివిట్లతో బిగించేవారు. దీనికి మూడే ఉన్నాయి. ఇది వేరే బండిది," అని తేల్చేశాడు.

నాకు తెలిసినంతలో ఆ ఎర్ర కారు వచ్చిన ఓడలోని బళ్ళకు మూడే. కానీ తెలిసినంతలో అంటే ఎవరు ఊరుకుంటారు? వచ్చే ఆదివారం పాత కార్ల ప్రదర్శన. జడ్జీలు కారును విప్పి చూస్తారు. స్పీకరు దగ్గర తప్పు పట్టారంటే కృష్ణప్రసాద్ గారి కారు పక్కకు పోతుంది, దానితోపాటు నా మాట కూడా పోతుంది. ఆ తర్వాత నన్నెవరూ పిలవరు. ఈ వయసులో నాకు వేరే పని రాదు.

ఒకే ఒక్క దారి కనిపించింది. అదే ఓడలో అదే రకం కారు ఇంకొకటి వచ్చింది. ఇంగ్లండులో చదివొచ్చిన జగిత్యాల డాక్టరుగారొకరు దాన్ని కొన్నారని పాతవాళ్ళు చెప్పేవారు. దాని స్పీకరుకు కూడా మూడు రివిట్లే ఉంటే నేను గెలిచినట్టు. నాలుగుంటే నా కథ కంచికి.

మా ఆవిడ సుశీల సంచిలో రెండు జతల బట్టలు, పులిహోర పొట్లం పెట్టి, "ఈ గొడవల్లో అటు వెళ్తున్నారు, నోరు మాత్రం తెరవకండి," అంది. మాది తెనాలి. ముప్పై ఏళ్ళు హైదరాబాదు నీళ్ళు తాగినా నా మాట చివర 'అండీ' వదల్లేదు. ఆ రోజుల్లో ఆ అండీ ఎక్కడ ఎవరికి ఎలా వినిపిస్తుందోనని నాకూ బెరుగ్గానే ఉంది. అవసరమైతే ఉర్దూలో మాట్లాడదామని నిర్ణయించుకున్నాను. ఎర్ర కారులో స్పీకరు బిగించే కన్నాలకు కాగితం అట్ట పెట్టి గీసుకున్న కొలత, స్క్రూడ్రైవర్లు, మా అల్లుడి కెమెరా సంచిలో వేసుకున్నాను.

రోడ్డు మీద భోజనం

కరీంనగర్ దాకా ఒక జీపు, అక్కణ్ణుంచి ఇంకో జీపు. ఆరుగురు పట్టే బండిలో ఎందరిని ఎక్కించవచ్చో ఆ డ్రైవరుకు హద్దే లేదు. ఛార్జీ మామూలు రోజులకు రెట్టింపు. గొణిగిన వాళ్ళకు అతను చెప్పిన జవాబు, "గా బస్సోన్నే అడుగుపో."

గంగాధర అనే ఊరు దాటాక రోడ్డు నిండా జనం. నడిరోడ్డు మీద మూడు రాళ్ళ పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గిన్నెలు. వంటావార్పు అంటారు. బళ్ళు ఆపి, రోడ్డు మీదే వండి, ఆగిపోయిన వాళ్ళకే వడ్డిస్తారు. మా వైపు రాస్తారోకో అంటే అరుపులు, టైర్లు కాల్చడం. దారి ఆపినవాడే పిలిచి అన్నం పెట్టడం నేనెక్కడా చూడలేదు. విస్తరి పట్టుకుని బంతిలో కూర్చున్నాను.

వేడన్నంలో పచ్చిపులుసు పోశారు. మనం చారు కాచి పోపు పెట్టేదాకా ఊరుకోం కదా, వీళ్ళు చింతపండు పులుసును కాచరు. పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి కలిపేస్తారు. ఆ ఎండలో అది గొంతులోకి చల్లగా దిగింది. వడ్డించే ఆమె "ఇంకింత పొయ్యాల్నానే?" అంటే, "బస్, బస్," అన్నాను. సుశీల చెప్పిన మాట ప్రకారం నోరు దాచుకున్నందుకు సంతోషించాలి. కానీ అంత మంచి పులుసు పోసిన మనిషికి ఒక తెలుగు మాట చెప్పలేకపోయానే అని దారి పొడుగునా బాధగా ఉంది.

జగిత్యాల

డాక్టరుగారు కాలం చేసి చాలా ఏళ్ళయింది. ఆయన కారు నడిపిన రాజేశం అనే అతను టవర్ సర్కిల్ దగ్గర ఒక సందులో ఉంటాడని నేను అడిగిన మూడో మనిషి చెప్పాడు. డెబ్బై దాటినవాడు, తెల్ల పంచె, చెవిలో బీడీ. నేను ఉర్దూలో మొదలుపెట్టగానే కాసేపు విని, "ఏడికెల్లి అచ్చినవన్నా?" అన్నాడు. హైదరాబాదు అన్నాను. అబద్ధం కాదు కదా.

కారు మాట ఎత్తగానే అతని ముఖం మారిపోయింది. "అబ్బ, గా బండా! గంత కిందికి ఉండేది. ఎడ్లు బెదిరి పొలాలల్ల పడేటియి. డాక్టర్ సాబ్ సారంగాపూర్‌ల పేషెంట్‌ను సూడవోతె, పోరగాండ్లు పేషెంటును ఇడిచిపెట్టి బండి సుట్టు జమైతుండిరి."

"దాంట్లో రేడియో ఉండేదా?"

"ఉండకపోవుడేంది? నేను నడుపంగ ఆయన పాటలు వెట్టేటోడు. స్పీకరు నా మోకాళ్ళ కాడ ఉండేది. పాట మొత్తం నా మోకాలుకే ఇనవడేది." ఆ మోకాలు చూపించి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కారు ఎక్కడుందని అడిగాను.

"పాత ఇన్ముకు పోయింది. డాక్టర్ సాబ్ సచ్చిపోయేముంగట రేడియో, స్పీకరు మాత్రం బండిలకెల్లి ఇప్పించిండు. కోరుట్ల యాకూబ్‌కు ఇచ్చిండు. యాకూబ్ అంటే రేడియోల డాక్టరు."

"దాని వెనక రివిట్లు ఎన్ని ఉండేవి, గుర్తుందా?"

రాజేశం చెవిలోంచి బీడీ తీశాడు. "అన్నా, నేను బండి నడిపినోన్ని. మోకాలు గుర్తున్నది గని రివిట్లు ఎట్ల గుర్తుంటయి?"

ఆ పూట లాడ్జిలో కరెంటు లేదు. గనుల్లో బొగ్గు తవ్వడం ఆగిపోయిందని, అందుకే ఊరంతా కోతలని లాడ్జి మనిషి చెప్పాడు. కెమెరా బ్యాటరీ అప్పటికే సగానికి దిగింది. ఛార్జరు పెట్టి కూర్చున్నానే తప్ప కరెంటు రాలేదు. నాలుగు రివిట్లుంటే కృష్ణప్రసాద్ గారికి ఏ మొహంతో చెప్పాలో ఆలోచిస్తూ పడుకున్నాను. సుశీల పులిహోర ఆ ఎండకు పాడైంది. మరునాడు పొద్దున్నే ఒక అరుగు మీద ఆవిడెవరో అమ్ముతున్న సర్వపిండి కొనుక్కుని తిన్నాను. బియ్యప్పిండిలో నువ్వులు, శనగపప్పు, కరివేపాకు కలిపి గిన్నెకు అంటించి కాల్చే రొట్టె అది. పులిహోర బాధ తీరింది కానీ రివిట్ల బాధ తీరలేదు.

కోరుట్ల

కోరుట్లకు ఆటోలో దగ్గరే. యాకూబ్ కొట్టు ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టయింది. వెనకే ఇల్లు. యాకూబ్ లేడు, పోయాడు. ఆయన భార్య రజియా బీ గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని ఉంది. గోడ మీద దుబాయిలో ఉన్న ఇద్దరు కొడుకుల ఫోటోలు. ఆ వీధిలో ఏ ఇంట్లో చూసినా గోడ మీద గల్ఫ్ ఫోటో ఒకటి ఉంటుందట.

ఇక్కడ నా ఉర్దూ పనికొస్తుందని ధైర్యంగా మొదలుపెట్టాను. రజియా బీ రెండు వాక్యాలు ఓపిగ్గా విని, చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ ఉర్దూ కంటె నీ తెలుగే నయమున్నట్టున్నది కొడుకా. తెలుగుల జెప్పు."

ప్రాణం లేచొచ్చినట్టయింది. అండీలేవీ దాచుకోకుండా మొత్తం చెప్పేశాను. ఆమెకు నా మాట తీరు మీద ఏ పట్టింపూ ఉన్నట్టు లేదు. "తెనాలి అంటె ఏడ?" అని ఒకటే అడిగింది. సముద్రం వైపు అని చెప్పాను.

"గా స్పీకర్ మా ఆయనకు పానం. ఎంతమంది అడిగినా అమ్మలే. ఎలుక ఒకసారి కాగితం అంచు కొరికింది. నేనే నా పాత చున్నీ ముక్క గంజితోని అంటుబెట్టిన. పచ్చది. మా ఆయన నన్ను తిట్టిండు గని, మల్ల పెట్టి ఇంటె మంచిగనే పలికింది."

అంచుకు బట్ట అతికిన స్పీకరును నేను ఒరిజినల్ అంటానా? అనను. కానీ నాకిప్పుడు కావలసింది అంచు కాదు, వెనక రివిట్లు. "అది ఇప్పుడెక్కడుందమ్మా?" అన్నాను.

"సిరిసిల్లల మా అల్లుడు ఇమ్రాన్ దగ్గర. మైక్‌సెట్ల షాపు ఉన్నది. షాపు తెరిసిననాడు మా ఆయన గిదొక్కటే ఇచ్చిండు, అమ్మద్దు అని జెప్పి ఇచ్చిండు."

వెళ్ళిపోతానంటే ఒప్పుకోలేదు. అన్నం, ఖట్టీ దాల్, గుడ్ల కూర పెట్టింది. మా ఇళ్ళలో పప్పు ముద్దగా ఉంటుంది, ఇది చేతిలో నిలవకుండా జారిపోయే పులుపు పప్పు. మూడుసార్లు పోయించుకున్నాను. తినేటప్పుడు కూడా ఒకటే ఆలోచన. యాకూబ్ అంతటి పనివాడు దాన్ని విప్పి అయస్కాంతం మార్చి ఉంటే? అడగడానికి భయమేసి అడగలేదు.

వేములవాడ దారిలో

కథలాపూర్, రుద్రంగి మీదుగా ఒక బియ్యం వ్యాపారితోపాటు ఆయన లారీలో వెళ్ళాను. ఒకచోట కుర్రవాళ్ళు ముళ్ళకంప అడ్డంపెట్టి బళ్ళు ఆపుతున్నారు. వాళ్ళు అడిగేలోపే కిటికీలోంచి తల బయటపెట్టి "జై తెలంగాణ!" అని గట్టిగా అన్నాను.

నాయకుడిలా ఉన్నతను దగ్గరికొచ్చి, "మేం ఇంక అడుగనేలేదు గదనే, గంత భయమెందుకు? లారీల ఏమున్నది?" అని అనుమానంగా బస్తాలన్నీ తట్టి తట్టి చూశాడు. నా ఆత్రం వల్ల బియ్యం వ్యాపారి ఎండలో నిలబడాల్సి వచ్చింది. తర్వాత వేములవాడ దాకా ఆయన నాతో మాట్లాడలేదు. కెమెరా బ్యాటరీ కూడా ఆ దారిలోనే పూర్తిగా అయిపోయింది. ఆ రాత్రి వేములవాడలో ఒక సత్రంలో పడుకున్నాను, అక్కడా కరెంటు లేదు.

సిరిసిల్ల, టెంటు

సిరిసిల్లలో దిగితే మగ్గాల చప్పుడు చెవులు చిల్లులు పొడుస్తుందని విన్నాను. మరునాడు పొద్దున నేను దిగేసరికి ఒక్క మగ్గమూ కొట్టుకోవడం లేదు. కరెంటు లేక సాంచాలన్నీ ఆగిపోయాయి. పవర్‌లూమును ఇక్కడివాళ్ళు సాంచా అంటారు. పనిలేని నేత కార్మికులు అరుగుల మీద కూర్చుని టెంటు వైపు చూస్తున్నారు.

ఇమ్రాన్ షాపు మూసి ఉంది. అందరూ టెంటు చూపించారు. టెంటు అంటే రిలే నిరాహార దీక్ష. ఒక్కో రోజు ఒక్కో పనివాళ్ళు కూర్చుంటారు. నిన్న మంగలివాళ్ళు, మొన్న వకీళ్ళు, రేపు టీచర్లు. పొద్దున మెడలో దండ వేస్తారు, సాయంత్రం నిమ్మరసం ఇచ్చి విరమింపజేస్తారు. ఆ రోజు బ్యానరు మీద 'రేడియో, టీవీ, మైక్ మెకానిక్కుల దీక్ష' అని ఉంది.

బయట స్తంభాలకు రోడ్డు వైపు పెద్ద హారన్లు కట్టి ఉన్నాయి. లోపల కూర్చున్నవాళ్ళు వార్తలు వినడానికి, బ్యాటరీ మీద నడిచే రేడియోకు తగిలించిన ఒక చిన్న చెక్క పెట్టె. దాని ముందు జాలీ. జాలీలోంచి చూస్తే లోపల అండాకారంలో ఒక స్పీకరు, దాని అంచున పచ్చటి బట్ట. రజియా బీ చున్నీ.

ఇమ్రాన్ ముప్పై అయిదేళ్ళ మనిషి, గెడ్డం, నవ్వు ముఖం. అత్తగారు ఫోను చేసి చెప్పిందట. నా చేతిలో సంచి చూసి, "మీరు గూడ మెకానిక్కేనా సాబ్?" అన్నాడు.

"అవును. ఆ పెట్టె ఒక్క నిమిషం విప్పితే చాలు. వెనక చూసి మళ్ళీ బిగించేస్తాను," అని నెమ్మదిగా గొణిగాను. చెయ్యి అప్పుడే సంచిలో స్క్రూడ్రైవరు మీదికి పోయింది.

ఇమ్రాన్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇయ్యాళ మెకానిక్కులు పానా ముట్టద్దు సాబ్. పని బంద్. నిన్న మంగలోళ్ళు గడ్డం గీసుడు బంద్ పెట్టిండ్రు, ఒక లీడర్ సగం గడ్డంతోని దీక్షల కూసున్నడు. మేం పానా పట్టుకుంటె ఊరంత నవ్వుతది."

"నేను మీ ఊరి మెకానిక్కును కాదు కదా."

"మెకానిక్ అంటె మెకానిక్కే. మల్ల మంగలోళ్ళకంటె మేం తక్కువమంది కూసున్నం, మా ఇజ్జత్ ఏం గావాలె? మీరు గూడ కూసోండ్రి. పొద్దుగూకినంక నిమ్మరసం తాగుతం, గప్పుడు నేనే ఇప్పి సూపెట్టుత."

ఎలా తప్పించుకోవాలా అని ఆలోచించేలోపే ఎవరో నా మెడలో బంతిపూల దండ వేసేశారు. చప్పట్లు కొట్టారు. తెనాలి భాస్కరరావు తెలంగాణ దీక్షా శిబిరంలో చాప మీద బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు.

ఆ పగలు ఎలా గడిచిందో చెప్పడం కష్టం. పెట్టె నాకు బారెడు దూరంలో ఉంది. వెనక చెక్కకు నాలుగు స్క్రూలు. నా సంచిలో వాటికి సరిపోయే స్క్రూడ్రైవరు. నా భవిష్యత్తంతా ఆ చెక్కకు అవతల ఉంది, నేను ఇవతల ఆకలితో ఉన్నాను. వార్తలొచ్చినప్పుడల్లా అందరూ చెవులు రిక్కించి ఢిల్లీలో ఏమంటున్నారో వినేవాళ్ళు. నేను స్పీకరు ఎలా పలుకుతోందో వినేవాణ్ణి. నిజం ఒప్పుకోవాలంటే, చున్నీ ముక్క అతికినా మహ చక్కగా పలుకుతోంది. పక్కనున్నతను "ఏమన్నడు, ఏమన్నడు?" అని అడిగితే, వార్త వినలేదని చెప్పలేక "ఇంకా చర్చలేనట," అన్నాను. అది ఎప్పుడు చెప్పినా తప్పుకాదు.

మధ్యాహ్నం దాటాక అసలు ప్రమాదం వచ్చింది. దీక్షలో కూర్చున్న ప్రతివాడూ మైకులో రెండు మాటలు చెప్పాలట. ఒక్కొక్కరే లేచి ఘాటుగా మాట్లాడుతున్నారు. నా ముందు ఇద్దరు, తర్వాత ఒకరు, తర్వాత నేను. ఉర్దూలో మాట్లాడదామంటే రజియా బీ మాట గుర్తొచ్చింది. మైకు చేతికిచ్చారు. బయట హారన్లలో నా ఊపిరి కూడా ఊరంతటికీ వినబడుతోంది.

"నా పేరు భాస్కరరావండీ," అన్నాను. అండీ బజారంతా తిరిగి నాకే వినిపించింది. అరుగుల మీద తలలు ఇటు తిరిగాయి. ఇక దాచి లాభం లేదు. "మాది తెనాలి. హైదరాబాదులో కారు రేడియోలు బాగుచేస్తాను. నేను వేరే పని మీద వచ్చాను. మెకానిక్కుల దీక్ష, కూర్చోమన్నారు, కూర్చున్నాను. రాష్ట్రాల సంగతి చెప్పేటంత తెలివి నాకు లేదండీ. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. అంతే."

మైకు కింద పెట్టి కూర్చున్నాను. ముందు వరసలో కూర్చున్న ముసలి సాంచాల కార్మికుడు ఇంకొకతని వైపు తిరిగి, "తినకుంట కూసున్నడు గద, ఇంకేం గావాలె," అన్నాడు. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. కొంత ఆకలి, కొంత భయం వదిలిపోవడం, ఇంకా కొంత ఏమిటో నాకే తెలీదు.

రివిట్లు

పొద్దు వాలాక ఒక పెద్దావిడ వచ్చి అందరికీ నిమ్మరసం ఇచ్చింది. నేను గటగటా తాగి ఇమ్రాన్ వైపు చూశాను. మాట తప్పలేదు. పెట్టె ఒళ్ళో పెట్టుకుని, నాలుగు స్క్రూలూ విప్పి, స్పీకరు బయటికి తీసి నా చేతిలో పెట్టాడు.

వెనక్కి తిప్పాను. ఒకటి, రెండు, మూడు. నాలుగు.

నాలుగో గుండ్రటి బొడిపె అయస్కాంతం పక్కనే స్పష్టంగా ఉంది. ఇంత దూరం వచ్చింది నా మాట తప్పని నేనే తెలుసుకోవడానికా? కృష్ణప్రసాద్ గారి ముఖం, ఆ టార్చిలైటు ఆసామి నవ్వు, కొట్టు షట్టరు దించేసే సుశీల, అన్నీ ఒక్కసారి కళ్ళముందు కనబడ్డాయి. "ఏమైంది సాబ్?" అంటున్నాడు ఇమ్రాన్. వెలుతురు కోసం టెంటు అంచుకు జరిగాను. బొటనవేలితో ఆ నాలుగోదాన్ని తడిమాను. గోరు దిగింది.

లక్క. యాకూబ్ తీగ కదలకుండా అంటించిన లక్క చుక్క. గోటితో గీకితే పొట్టులా లేచిపోయింది. దాని కింద చట్రం మీద కంపెనీ రంగు అలాగే నున్నగా ఉంది. అక్కడ రివిటు ఎప్పుడూ లేదు.

కాగితం అట్ట తీసి కన్నాల మీద పెట్టాను. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. గుద్దిన అంకెలు మా ఎర్ర కారు స్పీకరు మీదున్న వరసలోనే ఉన్నాయి. "మూడే! మూడే!" అని అరిచాను. టెంటులో ఉన్నవాళ్ళకు అర్థం కాకపోయినా నాతోపాటు నవ్వారు.

స్పీకరు తీసుకెళ్ళి చూపించి పంపిస్తానని ఇమ్రాన్‌ను బతిమాలాను. అతను పెట్టె వైపు చూసి, "రేపు టీచర్లు కూసుంటరు, వార్తలు ఎట్ల ఇంటరు? తెలంగాణ అచ్చినంక అచ్చి తీస్కపోండ్రి," అన్నాడు.

కెమెరా చచ్చి ఉంది. నా ఫోనులో కెమెరా లేదు. ఒక పత్రిక విలేకరి మెడలో కెమెరా వేలాడేసుకుని నా కోసమే ఎదురు చూస్తున్నాడు. "అన్నా, ఆంధ్ర మెకానిక్ దీక్షల కూసున్నడంటె మంచి వార్త. ఒక ఫోటో దిగు," అన్నాడు. నేను స్పీకరు వెనకవైపు మాత్రం తీసిమ్మని అడిగాను. "మనిషి లేకుంట వస్తువు ఫోటో ఎవలేస్తరే? నువ్వు పట్టుకొని నిలవడు, రివిట్లు గిట్ల కనవడేటట్టు తీస్త."

అలా తీశాడు. స్పీకరు వీపు కెమెరా వైపు తిప్పి రెండు చేతులతో పట్టుకున్న నేను, నా మెడలో దండ, నా భుజం మీద చెయ్యేసి ఇమ్రాన్, మా తలల మీద బ్యానరు. ఇన్వర్టరు ఉన్న స్టూడియోలో ఒక పెద్ద కాపీ వేయించి ఇచ్చాడు. పొద్దున్నే సిద్దిపేట మీదుగా హైదరాబాదు చేరేదాకా దాన్ని అట్టల మధ్య పెట్టి ఛాతీకి ఆనించుకునే కూర్చున్నాను. దారిలో ఆగిన చోటల్లా జేబులో డబ్బు చూసుకున్నట్టు అట్టను తడుముకునేవాణ్ణి.

మళ్ళీ హైదరాబాదు

కృష్ణప్రసాద్ గారు ఫోటో మీద భూతద్దం పెట్టి అంకెలు చదివారు. రివిట్లు లెక్కపెట్టారు. "మూడే! బతికించారు భాస్కరరావుగారూ!" అని నా చెయ్యి ఊపేశారు. ఇంట్లోకి కాఫీ కేకేశారు. తర్వాత భూతద్దం కాస్త పైకి జరిగింది. దండ మీద ఆగింది. ఇంకాస్త పైకి జరిగి బ్యానరు చదివింది.

"ఇదేమిటండీ?"

చెప్పాను. ఆయన భూతద్దం పక్కన పెట్టారు. కోపం కాదు, ఇబ్బంది. "ఆదివారం మనవాళ్ళందరూ వస్తారు. ఈ ఫోటో ఫైల్లో పెడితే ఏమనుకుంటారు, మీరే చెప్పండి. మనకు కావలసింది చేతులూ స్పీకరూ కదా, తక్కింది తీసేద్దాం," అని సొరుగులోంచి కత్తెర తీశారు.

ముందు నాకూ హాయిగానే అనిపించింది. దారంతా దాచిందే అది. ఆ దండ లేకపోతే నన్నెవరూ ఏమీ అడగరు. కానీ ఆయన కత్తెర ఆనించిన చోట ఇమ్రాన్ చెయ్యి ఉంది. నా భుజం మీద ఉన్న ఆ చెయ్యి మణికట్టు దగ్గర తెగిపోతుంది.

"వద్దండీ," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది. "కోసిన దాన్ని నేను ఒరిజినల్ అననని మీకు తెలుసు కదా. పెడితే మొత్తం పెట్టండి. లేదంటే ఈ స్పీకరు కింద నా పేరు తీసేయండి."

కత్తెర చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత ఆయన దాన్ని సొరుగులో పడేసి, ఫోటోను ఫైల్లో పెట్టారు. కాఫీ చల్లారిపోయింది, ఇద్దరం అలాగే తాగాం.

ఆదివారం జడ్జీలు ఎర్ర కారు దగ్గర వంగి రివిట్లు లెక్కపెట్టారు, ఫోటోలో లెక్కపెట్టారు, తల ఊపి స్పీకరు ఒరిజినలేనని రాసుకున్నారు. కృష్ణప్రసాద్ గారి స్నేహితులు ఫైలు చుట్టూ మూగారు. వాళ్ళలో ఒకాయన ఫోటో మీద వేలుపెట్టి, కళ్ళజోడు సవరించుకుని, "ఈ దండ వేసుకున్న మనిషి ఎవరు?" అన్నాడు.

కృష్ణప్రసాద్ గారు నేల చూశారు.

"నేనేనండీ," అన్నాను.